లెప్టిన్ సంగతి తర్వాత, ముందు ఆ ఇంజెక్షన్ ఆపండి

ప్రశ్న: నా వయసు 33. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఐటీ ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టులే. తిన్న గంటకే మళ్లీ ఆకలేస్తుంది. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్‌ని కనిపెట్టిన శాస్త్రవేత్త గురించి చదివాక, నాకు అది తక్కువగా ఉందేమోనని అనుమానం. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? ఆన్‌లైన్‌లో అమ్మే లెప్టిన్ క్యాప్సూల్స్ వాడొచ్చా? బరువు తగ్గడానికి మా ఫ్రెండ్ వాడే సెమాగ్లూటైడ్ మందు పెన్నుతో రెండు వారాలు ఇంజెక్షన్ తీసుకున్నాను, సూది మాత్రం కొత్తది వేసుకున్నాను. వాంతులవుతున్నాయి. రెండు నెలలుగా పీరియడ్స్ లేవు, నాకది మామూలే.
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగింది లెప్టిన్ గురించి. నాకు కంగారు పుట్టించినవి మాత్రం మీ ఉత్తరంలోని చివరి మూడు వాక్యాలు.

ఈరోజే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. 'మామూలే' అని మీకు మీరే తేల్చేసుకోకండి. వాంతులు ఇంజెక్షన్ వల్లే కావచ్చు, కాకపోనూ వచ్చు. గర్భం కోరుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందే ఈ మందు ఆపాలి. అలాంటిది, గర్భం ఉందో లేదో చూసుకోకుండా ఎలా తీసుకున్నారమ్మా?

ఇక ఆ పెన్ను. సూది మారిస్తే చాలనుకున్నారు. గుచ్చినప్పుడు కంటికి కనిపించనంత రక్తం సూదిలోంచి వెనక్కి వెళ్లి లోపలి మందులో కలవొచ్చు. అందుకే ఒక పెన్ను ఒక్కరికే అంటాం. ఇన్సులిన్ పెన్నులకూ ఇదే నియమం, ఇంట్లో భార్యాభర్తలైనా సరే. మీరు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు చేయించుకోవాలి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మళ్లీ ఎప్పుడు చేయాలో డాక్టర్ చెబుతారు.

డోసు ఎంతో మీరు రాయలేదు. మామూలుగా వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలు చూసి పెంచుతాం. మీ ఫ్రెండ్ అప్పటికే పెద్ద డోసులో ఉంటే, మీరు నేరుగా అందులోకి దూకేసినట్టే. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి, ఆపేసినా వాంతులు కొన్నాళ్లు ఉండొచ్చు. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, పైకడుపులో తీవ్రమైన నొప్పి వీపు వైపు పాకినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. పాంక్రియాస్ (క్లోమం) వాపు అరుదే కానీ, వస్తే ఇంట్లో తేలే జబ్బు కాదు.

ఇప్పుడు లెప్టిన్. 1970ల నాటికే అమెరికాలో డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త, విపరీతంగా లావెక్కే ఎలుక రక్తప్రసరణను మామూలు ఎలుకతో కలిపి చూశారు. లావు ఎలుక తిండి తగ్గించేసింది. అంటే దానిలో లేనిదేదో రెండోదాని రక్తంలోంచి అందిందన్నమాట. అదే లెప్టిన్. దాని జన్యువును 1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. కొవ్వు కణాలే ఈ హార్మోన్‌ని తయారుచేసి, నిల్వలు చాలినన్ని ఉన్నాయని మెదడుకి చెబుతాయి. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లల్ని 1997లో కేంబ్రిడ్జి డాక్టర్లు గుర్తించారు. వాళ్లలో ఓ పాప ఎనిమిదేళ్లకే 86 కిలోలు! లెప్టిన్ ఇంజెక్షన్లతో ఆ పాప ఆకలి అదుపులోకి వచ్చింది.

అయితే అలాంటి కేసులు చాలా అరుదు, పసితనంలోనే బయటపడతాయి. మీలా పెద్దయ్యాక బరువు పెరిగినవాళ్లలో లెప్టిన్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది, మెదడే దాని మాట సరిగా వినదు. కాబట్టి ఆ టెస్టుకి డబ్బు దండగ. క్యాప్సూల్స్ సంగతి అడగనే వద్దు. లెప్టిన్ ఒక ప్రొటీన్, మింగితే పప్పులో ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది.

మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 33 దాటింది. పీరియడ్స్ కూడా సరిగా లేవు కాబట్టి థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు), లివర్ పరీక్షలతో పాటు పీసీఓఎస్ (పీరియడ్స్ తప్పించే హార్మోన్ల సమస్య) ఉందేమో చూడాలి. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, మీ షిఫ్టుల గురించి డాక్టర్‌కి తప్పక చెప్పండి. ఇవన్నీ చూశాక మీకూ ఇంజెక్షన్ అవసరమే అనిపించవచ్చు, అది ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) నిర్ణయం. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని అడుగుతారు, దాచకండి. మిమ్మల్ని చూడకుండా నేను ఇంతకు మించి చెప్పలేను.

అన్నట్టు, మీ ఫ్రెండ్‌కి కూడా ఫోన్ చేయండి. ఆ పెన్ను పక్కన పెట్టి కొత్తది తీసుకోవాలి, అవే రక్తపరీక్షలు ఆమెకూ అవసరం.