పెద్ద వాటర్ కటింగ్ మిషన్ కొనాలా? ముందు మీ కోతలు లెక్కపెట్టండి

మీరు అడిగిందేమిటంటే: ఇద్దరు మనుషులతో టైల్స్ పని చేస్తున్నారు, ఎక్కువగా 2x4 అడుగుల టైల్సే వస్తున్నాయి, చేతి కట్టర్‌తో (చేత్తో పట్టుకుని నడిపే కరెంటు కట్టర్) కోస్తే అంచున పెచ్చులు లేస్తున్నాయని ఇంటివాళ్లు గొడవ పెడుతున్నారు, చిట్టీ ఎత్తుకుని నాలుగడుగుల కోత వచ్చే పెద్ద వాటర్ కటింగ్ మిషన్ కొందామా అని. నా మాట అడిగితే, ఇప్పుడే వద్దు. ఇదే మిషన్ నేను 2018లో కొన్నాను. 62 వేలు. పది అంగుళాల బ్లేడు, రెండు హెచ్‌పీ మోటారు, కింద నీళ్ల ట్రే. మొదటి ఏడాది అది సైట్‌లో ఉన్న రోజుల కంటే మా ఇంటి మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఉన్న రోజులే ఎక్కువ.

మిషన్ మంచిదే. కోత అద్దంలా వస్తుంది, దుమ్ము లేవదు. నాకు అలాంటి కోతలు నెలకి ఎన్ని పడతాయో లెక్క వేసుకోకుండా కొనడమే తప్పయింది. షాపులో కుర్రాడు ఒక టైల్‌ని అంగుళం పట్టీలుగా కోసి చూపించాడు, నేను అక్కడే పడిపోయాను. అంగుళం పట్టీలతో నాకేం పని అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

లెక్క ఎలా వేయాలో చెబుతాను. 11 అడుగుల 4 అంగుళాలు బై 13 అడుగుల 6 అంగుళాల బెడ్‌రూమ్ అనుకోండి. 2x4 అని మనం అంటాం గానీ అసలు కొలత 600 బై 1200 మిల్లీమీటర్లు. పొడుగు వైపు చిన్న గోడకి సమాంతరంగా పెడితే వరసకి మూడు చొప్పున ఏడు వరసలు, 21 టైల్స్. ప్రతి వరసలో చివరి టైల్‌కి ఒక అడ్డకోత: ఏడు. ఆఖరి వరసలో మూడింటికీ పొడుగు కోత: మూడు. మొత్తం పది కోతలు. ఈ పదీ గోడవారకి పోయి స్కర్టింగ్ (గోడ అడుగున నిలబెట్టే టైల్ పట్టీ) కింద దాక్కుంటాయి. వీటికి అద్దం లాంటి కోత ఎందుకు? నాలుగడుగుల మాన్యువల్ కట్టర్ మీద ఒక్క గీత గీసి విరిస్తే నిమిషం పని. కరెంటు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. ఒక్కటే గుర్తుంచుకోండి, గీత ఒకసారే లాగాలి. సరిగ్గా పడలేదని రెండోసారి లాగితే టైల్ తన ఇష్టం వచ్చిన దారిలో విరుగుతుంది.

అదే గదికి స్కర్టింగ్ లెక్క చూడండి. చుట్టుకొలతలోంచి తలుపు తీసేస్తే 46 అడుగుల పైచిలుకు. నాలుగంగుళాలకి కాస్త తక్కువ ఎత్తు పట్టీలు పన్నెండు కావాలి. ఒక టైల్‌లో ఆరు పట్టీలు వస్తాయి కాబట్టి రెండు టైల్స్, పది పొడుగు కోతలు. అంటే నేలంతటికీ ఎన్ని కోతలో ఒక్క స్కర్టింగ్‌కే అన్ని. పైగా ఆరు పట్టీల్లో ఫ్యాక్టరీ అంచు ఉండేది మొదటిదానికీ చివరిదానికీ మాత్రమే. మిగతా నాలుగింటికీ పైన కనబడేది మనం కోసిన అంచే. ఇంటివాళ్లు మంచం మీద కూర్చుని రోజూ చూసేది దాన్నే. మీ కస్టమర్లు గొడవ పడేది కూడా చాలావరకు ఇక్కడే అయ్యుంటుంది, ఒకసారి గమనించండి.

కాబట్టి కోతలన్నీ ఒకటి కాదు. దాక్కునే కోతలు, కనబడే కోతలు అని రెండు ఖాతాలు రాసుకోండి. స్కర్టింగ్ పై అంచు, మెట్ల దగ్గర 45 డిగ్రీల మైటర్ (రెండు పలకల అంచుల్ని ఏటవాలుగా కోసి మూలలో కలపడం), బాత్రూమ్ గూడు అంచులు, గ్రానైట్ గడప, ఇవి కనబడేవి. పెద్ద మిషన్‌కి పని ఉండేది వీటి దగ్గరే.

ఇక డబ్బు లెక్క. మా వైపు గ్రానైట్ షాపులో టైల్స్ పట్టుకెళ్తే అడుగుకి 25 రూపాయలు తీసుకుని కోసి, అంచు కూడా కొట్టి ఇస్తున్నారు. మీ ఊళ్లో రేటు వేరేగా ఉండొచ్చు, కనుక్కోండి. 62 వేలని 25తో భాగిస్తే 2,480 అడుగులు. డూప్లెక్స్ మెట్లు ఇరవై, ఒక్కోటి మూడున్నర అడుగులు, మైటర్ అంటే కాలు పెట్టే పలకకీ నిలువు పలకకీ రెండింటికీ కొట్టాలి, కాబట్టి 140 అడుగులు. పద్దెనిమిది డూప్లెక్సుల మెట్లు చేస్తే మిషన్ ఖరీదు వస్తుంది. అందులో బ్లేడ్లు, ఆటో కిరాయి, చిట్టీ ఎత్తడానికి వదులుకునే పాట కలపలేదు. ఏడాదికి అలాంటి పనులు మీకు ఎన్ని తగులుతున్నాయి? నాకు ఆ ఏడాది రెండు తగిలాయి.

బరువు సంగతి ఎవరూ చెప్పరు. లిఫ్ట్ ఇంకా పెట్టని అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి దాన్ని నలుగురం కలిసి ఎక్కించాం. మలుపు దగ్గర పట్టు జారి స్టాండు కాలు మా హెల్పర్ బొటనవేలి మీద పడింది. పదిహేను రోజులు పనికి రాలేదు, కూలీ నేనే ఇచ్చాను. పైకి చేరాక బ్లేడు తిరగట్లేదు, మోటారు మూలుగుతోంది. చూస్తే టెంపరరీ మీటర్ నుంచి సన్నటి వైరు మూడు అంతస్తులు లాగారు, వోల్టేజీ చాలట్లేదు. మందం వైరు తెప్పించేసరికి మధ్యాహ్నం భోజనాల వేళైంది. సాయంత్రం ట్రేలో నీళ్లు బాల్కనీ పైపులోకి వదిలాడు మావాడు. ఆ నీళ్లు పాలలా కనిపిస్తాయి గానీ అందులో ఉన్నదంతా టైల్ పిండి, ఎండితే రాయే. కింద ఇంటివాళ్ల జాలీ మూసుకుపోయి మర్నాడు ఒకటే తిట్లు. అప్పటి నుంచి బకెట్‌లో పట్టి రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు పారబోసి, అడుగు మడ్డిని సంచికెత్తి చెత్తలో వేస్తున్నాం.

ఇంకో దెబ్బ. నేను నాలుగడుగులది కొన్న ఆర్నెల్లకే ఒక కస్టమర్ 800 బై 1600 టైల్ దింపించుకున్నాడు. 1600 అంటే అయిదడుగుల మూడంగుళాలు. పొడుగు కోతకి నా మిషన్ చాలదు. టైల్స్ తయారయ్యే గుజరాత్ ఊరు మోర్బీ నుంచి వచ్చే సైజులు ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి, ఇవాళ పెద్దది అనుకున్న మిషన్ రేపటికి చిన్నదే.

పెద్ద మిషన్ వచ్చినా చేతి కట్టర్ మానలేరు. పిల్లర్ దగ్గర ఎల్ కోత ఉందనుకోండి, బ్లేడు గుండ్రం కాబట్టి మూల దాకా పైన తెగుతుంది, కింద కొంచెం మిగులుతుంది. అక్కడ కోత ఇంకొంచెం ముందుకి లాగితే కొన్నాళ్లకి ఆ మూల నుంచే టైల్ చీలుతుంది. మూలలో ముందు ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జం వేసి, రెండు కోతలూ ఆ బెజ్జంలో కలిసేలా చేయండి.

మీ అసలు సమస్య పెచ్చులే కదా. అది చాలాసార్లు బ్లేడు సమస్య, మిషన్ సమస్య కాదు. గాట్లున్న బ్లేడు, అదే గోడలో పైపుల కోసం గాడులు కొట్టేది, దాంతోనే గట్టి విట్రిఫైడ్ టైల్స్ కూడా కోస్తున్నారేమో చూడండి. అంచు మొత్తం గాట్లు లేకుండా ఉండే పల్చటి బ్లేడు టైల్‌కి విడిగా పెట్టుకోండి. మొదటిసారి రెండు మూడు మిల్లీమీటర్ల లోతే గీత తీసి, రెండోసారి పూర్తిగా దించండి. టైల్ చివర రెండంగుళాలు అవతలి వైపు నుంచి ముందే కోసి పెట్టుకుంటే ఆఖర్న మూల విరిగిపోదు. బ్లేడు మొద్దుబారి టైల్ మాడిన వాసన వస్తుంటే మెత్తటి ఇటుకని నాలుగైదు సార్లు కోయండి, బ్లేడు అంచులో ఉండే డైమండ్ రవ్వలు మళ్లీ బయటపడతాయి. ఈ నాలుగూ చేశాక నా పనుల్లో పెచ్చుల గొడవ ముప్పాతిక వంతు తగ్గింది, మెట్ల కింద 62 వేలు పడుండగానే.

నీళ్ల విషయంలో మాత్రం మిషన్ వైపే మాట్లాడతాను. పొడిగా కోస్తే లేచే ఆ తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే వచ్చే జబ్బుకి మందు లేదు, తువ్వాలు కట్టుకుంటే ఆగేదీ కాదు. వాటర్ బాటిల్ మూతకి బెజ్జం పెట్టి హెల్పర్ చేత పోయించడం మనందరం చేసేదే, కానీ ఆ నీళ్లు మోటారు మీద పడితే షాక్. నీళ్ల గొట్టం బిగించుకునే వీలున్న అయిదంగుళాల మార్బుల్ కట్టర్ తీసుకోండి. బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, ఎర్తింగ్ చూసుకోండి. దుమ్ము మాస్కు ఎన్95 తరహాది వాడండి. ఇవన్నీ కలిపినా చిట్టీ జోలికి పోనక్కర్లేదు.

మరి ఎప్పుడు కొనొచ్చు అంటే, రాబోయే మూడు పనుల్లో కనబడే కోతలు ఎన్ని అడుగులో నోట్‌బుక్‌లో రాయండి. నెలకి రెండు మూడు వందల అడుగులు దాటుతూ, పని విల్లాల్లో కింది అంతస్తులో, ఒకేచోట రెండు మూడు నెలలు ఉంటే కొనండి. నా మిషన్‌కి నాలుగో ఏట అలాంటి పని తగిలింది, పన్నెండు విల్లాలు. మెట్లు, గూళ్లు, స్కర్టింగ్ అంతా దాని మీదే లాగాను, అక్కడే దాని డబ్బు చాలావరకు తిరిగొచ్చింది.

కొనే రోజు వస్తే మీ టైల్స్ రెండు మీరే షాపుకి పట్టుకెళ్లండి. రెండింటినీ మధ్యలో పొడుగ్గా కోయించి, రెండింట్లోనూ ఒకే వైపు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని నేల మీదే సగం చుట్టు తిప్పి, రెండు కోసిన అంచులనీ కలిపి ఆనించి పెట్టండి. అంచుల మధ్య వెలుగు కనబడితే బ్లేడు నడిచే పట్టా వంకర ఉన్నట్టు. ఇలా పెడితే తప్పు రెట్టింపై కనబడుతుంది కాబట్టి కంటికి దొరక్కపోదు. 45 కూడా రెండు ముక్కలకి కొట్టించి, కలిపి మూలమట్టం పెట్టి చూడండి. నేను కొన్న రోజు ఇవేవీ చేయలేదు. ఇంటికొచ్చాక చూస్తే నాలుగడుగులకి రెండు మిల్లీమీటర్ల వంకర ఉంది, దాన్ని సరిచేయించుకోవడానికి ఇంకో నాలుగు రోజులు తిరిగాను.