చలికాలపు గాలానికి ఒంటిమీసం చేప

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఇప్పుడు మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జనవరిలో ఆఫీసు మిత్రులతో కలిసి కెనడా సరిహద్దులోని లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సుకు వెళ్లి, గడ్డకట్టిన నీటి మీద గుడిసెలో కూర్చుని, మంచుకు రంధ్రం తొలిచి గాలం వేశాం. వాల్‌ఐ చేప కోసం సాయంత్రం దాకా చూసినా ఒక్కటీ పడలేదు. రాత్రి తొమ్మిది దాటాక గాలం బరువుగా లాగింది. తీరా పైకి తీస్తే గోధుమరంగు మచ్చలతో, పాములా పొడవుగా, జిగురు కారుతున్న చేప ఒకటి వచ్చి నా మణికట్టుకు తోక చుట్టేసింది. మిత్రులు దాన్ని ‘ఈల్‌పౌట్’ అన్నారు, బయట మంచు మీద పారేయమన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాన్ని వంటింటి గడప తొక్కనివ్వడం లేదు. ఇది మలుగుపాము జాతిదా? అందరూ ఇంతగా అసహ్యించుకునే ఈ చేపను తినవచ్చా?
— ఒక పాఠకుడు, మినియాపొలిస్

జవాబు: మలుగుపాము కాదండీ. స్థానికులు ఈల్‌పౌట్ అనే ఈ చేప అసలు పేరు బర్బాట్. సముద్రపు కాడ్ చేపకు ఇది దగ్గరి చుట్టం. ఆ బలగంలో మంచినీటిలో కాపురం పెట్టింది ఇదొక్కటే. మీ చేప గడ్డం కింద సరిగ్గా మధ్యలో ఒకే ఒక మీసం వేలాడుతూ ఉంటుంది, చూడండి. వాలుగకు, మార్పుకు ఉన్నట్టు జతలు జతలుగా మీసాలు ఉండవు. వీపు మీది రెండో రెక్క, పొట్ట కింది రెక్క రెండూ తోక దాకా సాగి ఉండటం వల్ల ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. చేతికి తోక చుట్టడం దాని అలవాటే తప్ప మీ మీద పగ కాదు.

అది ఆ వేళకే పడటంలోనూ వింత లేదు. వాల్‌ఐ ఎక్కువగా తెల్లవారుజామున, సందె వేళ మేతకు వస్తుంది. బర్బాట్ చీకటి పడ్డాకే కదులుతుంది. పైగా మిగతా చేపలు చలికి మందగించి ఉండే నడిశీతాకాలంలో, సున్నా నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ నీటిలో, మంచు కిందనే ఇది గుడ్లు పెడుతుంది. అందుకోసం రాత్రిపూట ఇసుక, గులకరాళ్లు ఉన్న తక్కువ లోతు చోట్లకు గుంపులుగా చేరుతుంది. అంటే మీరు వెళ్లింది వాల్‌ఐ కోసమే అయినా, వెళ్లిన నెల మాత్రం దీనిది.

దీని మీద ఉన్న చిన్నచూపుకు రూపమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఆ సరస్సుకు దగ్గర్లోనే ఉన్న బాడెట్ అనే ఊరి చరిత్ర వేరే కథ చెబుతుంది. 1930ల్లో థియొడోర్ రోవెల్ అనే ఫార్మసిస్టు, బర్బాట్ తిన్న పెంపుడు నక్కల బొచ్చు నిగనిగలాడటం గమనించి, దాని కాలేయం నుంచి నూనె తీసే వ్యాపారం మొదలుపెట్టారు. మన పిల్లలకు మింగించే కాడ్ లివర్ ఆయిల్‌లాగే ఇందులోనూ ఎ, డి విటమిన్లు దండిగా ఉంటాయి. లీచ్ లేక్ ఒడ్డున ఉన్న వాకర్ పట్టణం 1979 నుంచి చాలా ఏళ్లపాటు ఈ చేప పేరనే చలికాలపు జాతర జరిపింది. ఫిన్లాండులో అయితే జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే దీని సూపు కోసం, జన (చేప గుడ్లు) కోసం ఎదురుచూస్తారు. మరొక మాట: పట్టిన చేపను తినకుండా మంచు మీద వృథాగా వదిలేయడాన్ని మిన్నెసోటా చట్టం కూడా ఒప్పుకోదు. కాబట్టి మీ మిత్రుల సలహా వినకపోవడమే మేలయింది.

ఇక శుభ్రం చేయడం. బొమ్మిడాయిలకు బూడిద, ఉప్పు పట్టించి జిగురు పోయేదాకా రుద్దడం మీ అమ్మగారి దగ్గర చూసే ఉంటారు. దీనికి ఆ తంటా అక్కర్లేదు. పొలుసులు చర్మంలోకి కూరుకుపోయి కంటికి ఆననంత చిన్నవి కాబట్టి, తల వెనుక చుట్టూ కత్తితో గాటు పెట్టి, పట్టుకారుతో తోలును తోక వైపు లాగితే తొడుగు ఊడినట్టు వచ్చేస్తుంది. నీచు, జిగురు చాలావరకు ఆ తోలుతోనే పోతాయి. ఆ తర్వాత వెన్నుముల్లుకు అటూ ఇటూ ఉన్న రెండు తెల్లటి కండలను తీసుకోండి. అందులో సన్నముళ్లు దాదాపు ఉండవు. మీ ఆవిడ గారికి తలతో ఉన్న చేపను కాకుండా ఈ ముక్కలనే చూపించి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు! నిల్వ పెడితే మాంసం రబ్బరులా సాగుతుంది కనుక ఆలస్యం చేయకండి.

అక్కడివారు ముక్కలను ఉప్పునీటిలో ఉడికించి, కరిగించిన వెన్నలో అద్దుకుని తింటూ ‘పేదవాడి లాబ్‌స్టర్’ అంటారు. మన పద్ధతిలో చింతపండు పులుసు పెడతానంటే కాదనను గానీ, చిక్కటి పులుపు దీని సన్నటి తీపిని మింగేస్తుంది. టమాటాతో ఇగురు పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది. గుజ్జు బాగా మగ్గాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని రెండుసార్లు తిప్పితే చాలు, పది నిమిషాల్లో ఉడుకుతాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ ప్రాంతపు వాల్‌ఐ, పైక్ చేపల్లో ఉన్నట్టే దీనిలోనూ బద్దెపురుగు పిల్లలు ఉండే అవకాశం ఉంది. ముక్క లోపలి భాగం కనీసం 63 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. జనవరిలో పట్టిన చేప కనుక కడుపులో జన కూడా ఉండవచ్చు. ఫిన్లాండువారు ఉప్పు కలిపి పచ్చిగానే తింటారని ఎవరైనా చెప్పినా, మీరు మాత్రం పసుపు, కారం పట్టించి పెనం మీద పూర్తిగా వేయించుకునే తినండి.