94 శాతం గెలిచేవాడిని కాపీ కొడితే?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ముందు ముందు ఏం జరుగుతుందో ఊహించి డబ్బు కాసే సైట్ పాలీమార్కెట్ ఉంది కదా, అందులోని ట్రేడర్లకి మార్కులు వేసే ఒక టూల్‌కి నెలకి 49 డాలర్లు కడుతున్నాను. అందులో 91 స్కోరు, 94 శాతం గెలుపు ఉన్న వాలెట్ (ఒక ట్రేడర్ ఖాతా) ఒకటి దొరికింది. నేను ఏ దేశంలో ఉన్నానో సైట్‌కి తెలియకుండా వీపీఎన్ పెట్టుకుని 5,000 డాలర్లతో అతన్ని ఆటోమేటిక్‌గా కాపీ చేద్దామనుకుంటున్నాను. కూకట్‌పల్లిలో ఉన్న తమ్ముడు కూడా 3 లక్షలు పంపిస్తాను, కలిపి పెట్టమంటున్నాడు. రిటైర్మెంట్ కోసం ఉండే 401కె ఖాతాలో జీతంలో 3 శాతమే వేస్తున్నాను, 6 దాకా వేస్తే కంపెనీ కూడా అంతే వేస్తుంది. ఏమంటారు?

జవాబు: వద్దంటాను. ఎందుకు వద్దో చెప్పకపోతే మీరు ఎలాగూ పెట్టేస్తారు కాబట్టి ముందు ఆ 94 సంగతి చూద్దాం.

అక్కడ ఫలానాది జరుగుతుందని షేర్లు కొంటారు, అనుకున్నది జరిగితే షేరుకి ఒక డాలర్ వస్తుంది, జరగకపోతే సున్నా. మీవాడు దాదాపు తేలిపోయిన వాటినే 95 సెంట్లకి కొంటాడనుకోండి. వంద వేర్వేరు వాటి మీద ఒక్కో షేరు కొన్నాడు, 95 డాలర్లయింది, 94 గెలిచాడు, చేతికొచ్చింది 94 డాలర్లు. అంటే 94 శాతం గెలిచి ఒక డాలర్ పోగొట్టుకున్నాడు! ఇంకొకడు 20 సెంట్లవి కొని వందకి 30 మాత్రమే గెలిచినా 20 డాలర్లని 30 చేసుకుంటాడు. సగటున ఎంతకి కొన్నాడో చూపించని గెలుపు శాతం ఎందుకూ పనికిరాదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఓడిపోయిన షేరు 2 సెంట్లకి పడిపోతే కొంతమంది దాన్ని అమ్మకుండా అలాగే వదిలేస్తారు. క్లోజ్ చేసిన వాటినే లెక్కపెట్టే టూల్‌కి ఆ నష్టం కనపడదు, గెలుపు శాతం మాత్రం మెరిసిపోతుంది. అందుకే ఆ వాలెట్ తెరిచి, ఇంకా పట్టుకుని కూర్చున్నవి ఏమున్నాయో మీరే చూడండి.

సరే, మీవాడు నిజంగానే మొనగాడనుకుందాం. సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేలు చూసే ఉంటారు. చెయ్యి తిరిగిన ఆసామి ఒక పుంజు మీద వెయ్యికి వెయ్యి కాయగానే చుట్టూ ఉన్నవాళ్లంతా పైపందేలకి అటే ఎగబడతారు, మన వంతు వచ్చేసరికి వెయ్యికి ఏడొందలే ఇస్తామంటారు. ఇక్కడా అంతే. అసలు అవకాశం 65 శాతం ఉన్నదాన్ని అతను 62 సెంట్లకి కొన్నాడు, షేరుకి 3 సెంట్లు లాభం. అతని వెనక మీలాంటివాళ్లు పెట్టిన కాపీ బాట్లన్నీ (ఆటోమేటిక్‌గా కొనే ప్రోగ్రాములు) ఎగబడి మీకు 66కి దొరికింది. అదే షేరు, అదే గెలుపు, మీకు సగటున ఒక సెంటు నష్టం. స్కోరు అతని ధరకి వేసింది, మీ ధరకి కాదు. నా దృష్టిలో అసలు సమస్య ఇదే, దీన్ని ఏ స్కోరూ సరిచేయలేదు.

2024 అమెరికా ఎన్నికల్లో ట్రంప్ మీద కాసి 8 కోట్ల డాలర్లకు పైగా గెలిచిన ఫ్రెంచ్ ట్రేడర్ గురించి వినే ఉంటారు. అతను సొంత డబ్బుతో సర్వే చేయించుకున్నాడు, ‘మీ పొరుగువాళ్లు ఎవరికి వేస్తారు’ అని అడిగించాడు. పైగా పదికి మించిన అకౌంట్లలో పందెం పెట్టాడు. ఎన్నికల మర్నాడు ఆ అకౌంట్లన్నీ ఏ టూల్‌లోనైనా పదిమంది మేధావుల్లా కనిపిస్తాయి, నిజానికి అది ఒక మనిషి, ఒకే పందెం. ఆ సర్వే మీ దగ్గర లేదు, అతను రేపు బాస్కెట్‌బాల్ మీద కాస్తే దానికి ఆ సర్వే పనికీ రాదు.

ఇక మీ లెక్క. 49 చొప్పున ఏడాదికి 588 డాలర్లు, 5,000 మీద దాదాపు 12 శాతం. అంత లాభం వస్తేగానీ టూల్ ఖర్చే రాదు. అటు పక్క 401కెలో మీరు వేసే ప్రతి డాలర్‌కి కంపెనీ ఇంకో డాలర్ ఇస్తానంటుంటే దాన్ని వదిలేశారు! ఈ నెల జీతం నుంచే 6 చేసేయండి.

వీపీఎన్ ఆలోచన మానుకోండి. 2022 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ 14 లక్షల డాలర్ల జరిమానా వేశాక పాలీమార్కెట్ అంతర్జాతీయ సైట్‌లో అమెరికాలో ఉన్నవాళ్లు ట్రేడ్ చేయడానికి లేదు. డబ్బు ఇరుక్కుంటే ఎవరికని చెప్పుకుంటారు? బాట్ మీ వాలెట్ ప్రైవేట్ కీ అడిగితే అసలు ఇవ్వకండి, అది ఇంటి తాళాలు ఇచ్చినట్టే.

తమ్ముడి 3 లక్షలు మాత్రం ముట్టుకోకండి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఇలాగే జరగబోయేదాని మీద డబ్బు కాయించిన ప్రోబో అనే ఒపీనియన్ ట్రేడింగ్ యాప్ డబ్బు ఆటలు ఆపేసింది అందుకే. లాటరీలకీ పందేలకీ విదేశాలకి డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం కూడా కుదరదు. మీకు పంపిస్తున్నట్టు చూపించి ఇలా వాడితే రేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది తనే.

అయినా చెయ్యి ఊరుకోకపోతే రెండు నెలలు కాగితం మీద కాపీ కొట్టండి. అతను కొన్న ధర ఒక కాలమ్, అలర్ట్ వచ్చిన నిమిషానికి మీకు దొరికే ధర పక్క కాలమ్. ఆ షీటు నాకు పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.