కుడి బుగ్గే ఎందుకు ఎక్కువ కందుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా పాపకి అయిదు నెలలు. మూడో నెల నుంచి బుగ్గలు ఎర్రగా కందిపోయి గరుకుగా ఉంటున్నాయి. కుడి బుగ్గ మరీ ఎక్కువ. మోచేతుల మీద, కాళ్ల మీద పొడిబారి పొట్టు లేస్తోంది. రాత్రిళ్లు తల ఆవాల దిండుకేసి అటూ ఇటూ రుద్దుకుంటూ ఏడుస్తుంది. మా అత్తయ్య రోజూ నువ్వుల నూనె రాసి, శనగపిండి, పసుపు కలిపి నలుగు పెట్టి వేన్నీళ్ల స్నానం చేయిస్తారు. నీళ్లలో కాస్త యాంటిసెప్టిక్ వేస్తాం. తర్వాత సాంబ్రాణి పొగ, పౌడర్, కాటుక. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. రాసిన రెండు రోజులకే నున్నగా అయిపోయింది. మానేస్తే మళ్లీ వచ్చింది. ఇలా మూడుసార్లయింది. నా పాలు పడటం లేదేమో అని అందరూ అంటుంటే గుడ్డు, చేపలు, వంకాయ, వేరుశనగ అన్నీ మానేసి చారన్నం మీద ఉన్నాను. అన్నట్టు, మావారికి చిన్నప్పటి నుంచి పొద్దున లేవగానే తుమ్ములు. ఏం చేయాలో తెలియడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఈ పూటే మీరు కడుపునిండా అన్నం తినండి. పప్పు, గుడ్డు, చేప, వంకాయ, మీకు ఏది ఇష్టమైతే అది. పాలిచ్చే తల్లి చారన్నంతో నెలలు గడిపితే నీరసపడేది మీరే. పాప బుగ్గలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఫలానాది మీరు తిన్న ప్రతిసారీ పాపకి ఒంటినిండా దద్దుర్లు, వాంతులు, మలంలో రక్తం లాంటివి కనిపిస్తే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరుతో మాట్లాడి ఆ ఒక్కటి ఆపి చూడొచ్చు. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. మీ పాలకి ఏ దోషమూ లేదు.

చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసిన తుమ్ముల సంగతి నాకు చాలా ఉపయోగపడింది. అమ్మానాన్నల్లో ఒకరికి అలాంటి అలర్జీ తుమ్ములో ఆయాసమో ఉంటే బిడ్డకి ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రగా కంది దురద పెట్టే జబ్బు, వచ్చే అవకాశం ఎక్కువ. సాధారణంగా రెండు నుంచి ఆరు నెలల మధ్య మొదలవుతుంది. ముందు బుగ్గలు, తర్వాత మోచేతులు, కాళ్ల పైభాగం. డైపర్ కట్టే చోట మాత్రం చర్మం బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. మీ పాపకి అక్కడ ఎలా ఉందో మీరు రాయలేదు. ఒకసారి చూడండి. అక్కడ నున్నగా ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. చూడకుండా ఇదేనని తేల్చి చెప్పను, దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టరుకో చర్మ డాక్టరుకో ఒకసారి చూపించండి.

పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. పెంకులు సరిగ్గా అమరి ఉంటే ఎండా వానా లోపలికి రావు. రెండు పెంకులు జరిగాయా, లోపలి చల్లదనం పోతుంది, బయటి వాన లోపలికి కారుతుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పుట్టుకతోనే అలా పెంకులు జరిగిన కప్పు. చర్మంలోని తడి ఆరిపోతూ ఉంటుంది, బయటి నుంచి సబ్బు, పిండి, పొగ, చొంగ లోపలికి చేరి మంట పుట్టిస్తాయి. కాబట్టి మన పని రెండు రకాలు. కప్పు నేయడం, వాన తగలకుండా చూసుకోవడం. కొత్తగా ఏం రాయాలా అని అందరూ అడుగుతారు. నేను మాత్రం ఏం తీసేయాలో ముందు చెబుతాను.

ఇప్పుడు ఆ కుడి బుగ్గ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట అదే. లోపలి నుంచి వచ్చే జబ్బు కుడీ ఎడమా చూసుకోదు. ఒక పక్కే ఎక్కువగా ఉందంటే ఆ పక్కకి ఏదో తగులుతోందన్నమాట.

మా పెద్దమ్మాయికి నాలుగో నెలలో ఎడమ బుగ్గ ఇలాగే కందేది. నేను అప్పటికే పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. సబ్బు మార్చాను, బట్టల పొడి మార్చాను, నేను తినేవి కూడా మార్చాను. ఏం మార్చినా ఆ బుగ్గ మారలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ పాపని భుజాన వేసుకుని నిద్రపుచ్చుతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నాను. అమ్మ కట్టుకున్నది మంగళగిరి నేత చీర. గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. భుజం మీద జరీ అంచు సరిగ్గా పాప బుగ్గ ఆనే చోటికి వచ్చింది. నిద్రలోకి జారే ముందు పాప ముఖం అటూ ఇటూ రుద్దుతోంది. బుగ్గంతా చొంగతో తడి, దాని కింద అట్టలా బిరుసెక్కిన గంజి, జరీ పోగులు. అమ్మ ఎప్పుడూ అదే భుజాన ఎత్తుకుంటుంది. ఆ రోజే నాన్న పాత పంచె ఒకటి చింపి నాలుగు ముక్కలు చేశాను. ఎవరు ఎత్తుకున్నా భుజం మీద ఆ మెత్తటి ముక్క ఉండాల్సిందే. వారం తిరిగేసరికి ఎరుపు సగానికి తగ్గింది.

కాబట్టి మీరు కూడా ఒక రోజంతా ఊరికే గమనించండి. పాపని ఎవరు ఏ భుజాన వేసుకుంటున్నారు, పాలు తాగేటప్పుడు ఏ బుగ్గ మీ జాకెట్టుకి ఆనుతోంది, ఏ వైపు తిరిగి పడుకుంటోంది, నాన్న ముద్దు పెట్టేటప్పుడు గడ్డం ఎక్కడ గుచ్చుకుంటోంది. ఆవాల దిండు ఇవాళే తీసేయండి. రాపిడి ఒక్కటే కాదు, ఏడాది నిండని బిడ్డకి ఊపిరి ఆడకుండా చేసే ప్రమాదం కూడా ఉంది కాబట్టి దిండు అసలే వద్దు. గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల గుండ్రంగా రావాలంటే, మెలకువగా ఉన్నప్పుడు మీరు దగ్గర కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెడుతూ ఉంటే చాలు.

ఒంటి మీద చోటుని బట్టి చాలావరకు ఊహించవచ్చు. మెడ మడతల్లో అయితే కారిన పాలు, చొంగ, లేదా మెడలో తాడు. నడుము చుట్టూ గీతలా ఉంటే మొలతాడు కింద నిలిచిన చెమట, లేదా డైపర్ ఎలాస్టిక్. వీపు మీద సన్నటి పొక్కులైతే చెమటకాయలు. అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా రాత్రిళ్లు గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అప్పుడు అందరికీ ఒకేసారి మందు వాడాలి.

ఇక రెండు వారాల పాటు నలుగు, యాంటిసెప్టిక్, సాంబ్రాణి, పౌడర్, కాటుక అన్నీ ఆపేయండి. యాంటిసెప్టిక్ నేల తుడవడానికి పనికొస్తుంది, పసిబిడ్డ స్నానానికి అక్కర్లేదు. దిష్టి చుక్క పెట్టకపోతే మీ అత్తయ్య గారి మనసు ఊరుకోకపోతే అరికాలికి పెట్టమనండి, బుగ్గకి వద్దు.

నలుగు సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇంట్లో మీరు చెప్పుకోవాల్సి ఉంటుంది. మామూలు చర్మం ఉన్న పిల్లలు నలుగుతోనే పెరిగారు, నేనూ పెరిగాను. పగిలిన చర్మం మీద మాత్రం శనగపిండి గీసుకుపోతుంది, పసుపు కొందరికి పడదు. ఇంకో సంగతి ఉంది. తినే పదార్థం నోటి దారిన కాకుండా చర్మం పగుళ్ల నుంచి లోపలికి వెళ్తే, ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్లలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ మొదలైంది. వాళ్లలో చాలామంది అంతకుముందు గోధుమలు హాయిగా తిన్నవాళ్లే. ఈ ఒక్క మాట మీ అత్తయ్య గారికి నెమ్మదిగా చెప్పండి. రోజూ మనవరాలికి అంత ఓపికగా ఒళ్లు రుద్ది స్నానం చేయించే మనిషి మీ ఇంట్లో ఉండటం అదృష్టం. ఆవిడ చేతిలోంచి పని లాక్కోకండి. పని మార్చి ఇవ్వండి: గట్టిగా రుద్దడం మాని, స్నానం తర్వాత చేసే పూత ఆవిడ చేతి మీదుగానే జరగనివ్వండి.

ఆ పూత ఎలాగంటే, నీళ్లు వేడిగా వద్దు, మోచెయ్యి ముంచితే వేడి తెలియనంత గోరువెచ్చగా ఉండాలి. అయిదు నిమిషాలు, మహా అయితే పది. సబ్బు రోజూ ఒళ్లంతా వద్దు. మామూలు సబ్బు పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5.5 దగ్గర. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే బకెట్ అంచున తెల్లటి చార పడుతుంది చూడండి, అలాంటి నీళ్లలో సబ్బు సరిగ్గా పోక చర్మానికి అంటుకునే ఉంటుంది. మెడ, చంకలు, డైపర్ చోట మాత్రం వాసన లేని, సబ్బు కాని క్లెన్సర్ కొద్దిగా వాడండి. తర్వాత పాత మెత్తటి గుడ్డతో అద్దండి, తుడవొద్దు. ఒంట్లో ఇంకా చెమ్మ ఉండగానే, మూడు నిమిషాల లోపు, వాసన లేని తెల్ల క్రీమ్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ ఒళ్లంతా రాయాలి. బొట్టు పెట్టినట్టు కాదు, చర్మం మెరిసేలా. వారానికి వంద గ్రాములైనా ఖర్చవ్వాలి. డబ్బా రెండు నెలలు వచ్చిందంటే రాయనట్టే లెక్క. సాయంత్రం ఇంకోసారి, పాలు తాగే ముందు బుగ్గలకి పలచగా ఒకసారి, అది చొంగకి అడ్డుగా ఉంటుంది. ఖరీదు భారమైతే కొబ్బరి నూనె పర్వాలేదు. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు. నువ్వుల నూనె కూడా ప్రస్తుతానికి ఆపండి. పల్నాడు ఎండల్లో జెల్లీ దట్టంగా రాస్తే చెమటకాయలు వస్తాయి, పగలు క్రీమ్, రాత్రి జెల్లీ వాడుకోండి.

కొత్త బట్టలు ఉతక్కుండా తొడగొద్దు. మెడ వెనకాల లేబుల్ కత్తిరించండి. ఉతికినవి ఇంకోసారి మంచి నీళ్లలో జాడించండి. గోళ్లు వారానికి రెండుసార్లు తీయండి.

రోజూ పొద్దున్నే ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో బుగ్గల ఫొటో తీసి పెట్టుకోండి. కళ్లు మరిచిపోతాయి, ఫొటో మరిచిపోదు. రెండు వారాల్లో చర్మం నెమ్మదించాక, పౌడర్, యాంటిసెప్టిక్ తప్ప మీకు కావాలనుకున్నవి ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అయిదు రోజులైనా ఉండాలి. గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర రాసుకోండి. ఒకేసారి నాలుగు మారిస్తే దొంగ ఎవరో ఎప్పటికీ తెలియదు.

ఆ ట్యూబ్ గురించి నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే ఇలాంటివి నేను ప్రతి వారం చూస్తున్నాను. రెండు రోజుల్లో నున్నగా అయిందంటే అందులో స్టెరాయిడ్, అంటే ఎరుపునీ మంటనీ చప్పున అణిచే మందు, ఉండి ఉండొచ్చు. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లు, వాటితో పాటు ఫంగస్ మందు, యాంటిబయాటిక్ కలిపి ఉన్నాయేమో చదవండి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా కౌంటర్ మీద అమ్ముతూనే ఉన్నారు. పసిబిడ్డ బుగ్గ చర్మం పలచన, గట్టి మందు పదేపదే రాస్తే ఇంకా పలచబడుతుంది, రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఇక రాయకండి, అలాగని పారేయకండి కూడా, డాక్టరుకి చూపించండి. డాక్టరు తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ కొన్ని రోజులకి రాసిస్తే మాత్రం భయపడి మానేయొద్దు. ఎంత, ఎన్నాళ్లు, ఎక్కడ అని అడిగి, అలాగే వాడండి.

పసుపు రంగు చీముతో పెచ్చు కట్టినా, జ్వరం వచ్చినా, గుంపుగా నీటి పొక్కులు లేచి పుండ్లలా అయినా, పాలు తాగడం మానేసినా ఆ రోజే తీసుకెళ్లండి. ఏదైనా తిన్న కాసేపటికి పెదాలు ఉబ్బి, ఊపిరి గురగురలాడితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆరు నెలలు నిండగానే అన్నం, పప్పు, గుడ్డు మామూలుగానే మొదలుపెట్టాలి, వాయిదా వద్దు. అప్పటికీ చర్మం ఇలాగే మంట మీద ఉంటే మాత్రం గుడ్డు, వేరుశనగ మొదలుపెట్టే ముందు డాక్టరుతో ఒక మాట అనుకోండి.

ప్రశ్న: మేం మినియాపోలిస్‌లో ఉంటాం. ఇండియాలో ఉన్నన్నాళ్లూ బాబు చర్మం బాగానే ఉంది. ఇక్కడ నవంబర్ నుంచి కాళ్లు పగిలిపోతున్నాయి. రోజూ వేడినీళ్ల టబ్ స్నానం చేయిస్తున్నాం.
– ఒక తండ్రి

జవాబు: మీరు పెట్టుకున్న హీటర్ గదిలోని చెమ్మంతా లాగేస్తుంది, దానికి తోడు వేడి స్నానం చర్మంలో ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తోంది. నీళ్లు గోరువెచ్చగా, టబ్‌లో అయిదు నిమిషాలే. మన ఊళ్లో సరిపోయిన లోషన్ అక్కడి చలికి చాలదు, చిక్కటి ఆయింట్‌మెంట్ వాడండి. పడకగదిలో హ్యూమిడిఫైయర్ పెట్టి తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచండి, ట్యాంకు తరచూ కడగండి, లేకపోతే బూజు పడుతుంది. ఉన్ని స్వెటర్ నేరుగా ఒంటికి తగలకుండా లోపల కాటన్ బనియను వేయండి.

ప్రశ్న: మా మనుమనికి ఎనిమిది నెలలు. డైపర్ కట్టే తావున ఎర్రగా అయితున్నది. పౌడర్ ఎంత వేసినా తగ్గుతలేదు.
– ఒక నాయనమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మా, పౌడర్ వద్దు. తడికి ముద్ద కట్టి రాసుకుంటుంది, ఎగిరితే బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎరుపు ఎక్కడుందో చూడండి. పిరుదులు, తొడలు ఎత్తుగా ఉన్న చోటే ఉండి మడతలు బాగుంటే అది మూత్రం, మలం తడికి వచ్చింది. రెండు మూడు గంటలకోసారి డైపర్ మార్చి, ఉత్త నీళ్లతో కడిగి, అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా పూయండి. ప్రతిసారీ పాత పూత అంతా గీకి తీయాల్సిన పని లేదు, మురికైనంత వరకు తీస్తే చాలు. మడతల్లోపల కూడా ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న చుక్కలు లేస్తే అది ఫంగస్, దానికి వేరే మందు కావాలి, డాక్టరుకి చూపించండి. మధ్యాహ్నం పూట రెండు గంటలు డైపర్ లేకుండా పాత చీర ముక్క మీద పండబెట్టండి, గాలి తగలనియ్యండి.