కొత్త డిస్క్‌ను ఫార్మాట్ చేసే ముందు పాత డిస్క్ వైరు తీసేయండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఎస్‌ఎస్‌డీలో విండోస్, 1 టీబీ హార్డ్ డిస్క్‌లో పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలు ఉన్నాయి. అది నిండిపోయిందని 4 టీబీ డిస్క్ కొని బిగించారు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ పెట్టగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, దాని పేరు కనిపిస్తోంది కానీ విండోస్‌లో రావడం లేదు. డిస్కులను సర్దే విండోస్ ప్రోగ్రాం డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని అడుగుతోంది. ఏది నొక్కితే ఏమవుతుందోనని ఆగిపోయారు. ఆగి మంచి పని చేశారు.

మీ డిస్క్ బాగానే ఉంది. బయోస్‌లో కనిపించిందంటే వైర్లు సరిగానే తగిలించారు. కొత్త డిస్క్ అంటే హద్దురాళ్లు వేయని పొలం. లేఅవుట్ వేసి, ప్లాటుకు నంబరు ఇచ్చేదాకా అక్కడ ఎవరూ ఇల్లు కట్టుకోలేరు. విండోస్ అడుగుతున్నది ఆ లేఅవుట్ గురించే. ఎంబీఆర్, జీపీటీ అనేవి రెండు రకాల లేఅవుట్లు.

మిగతా సంగతులకు ముందు ఒక పని చేయండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఫోటోలున్న పాత 1 టీబీ డిస్క్‌కు ఉన్న రెండు వైర్లూ ఊడదీయండి. ఎస్‌ఎస్‌డీని కదిలించవద్దు. ఇది ఎందుకు చెబుతున్నానో వినండి.

నేను విజయవాడ సింగ్ నగర్‌లో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. 2017లో స్థలం చాలక, తెలిసినవారి దగ్గర వాడిన డిస్క్ ఒకటి తీసుకున్నాను. నా పాతదీ 1 టీబీయే, అదీ 1 టీబీయే. విండోస్ రెండింటినీ 931 జీబీగానే చూపించింది. రాత్రి పదకొండు దాటాక, మర్నాటి పని గుర్తొచ్చి తొందరలో ఒకదాన్ని ఫార్మాట్ చేశాను. అది నా డిస్క్. అందులో తెనాలి పెళ్లి ఒకటి ఉంది, ఇంకా ఆ ఇంటివారికి ఇవ్వలేదు. మూడు రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కూర్చున్నాను. ఫైళ్లు పేర్లు లేకుండా, ఫోల్డర్లు లేకుండా వచ్చాయి. పెద్ద వీడియోలు మధ్యలో తెగిపోయాయి. జీలకర్ర బెల్లం దొరికింది, తలంబ్రాలు దొరికాయి, అప్పగింతలు దొరకలేదు. పెళ్లికూతురి తండ్రికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. వైరు ఊడదీసి ఉంటే ఆ ఫోన్ చేయవలసిన అవసరమే వచ్చేది కాదు. ఊడదీసిన డిస్క్‌ను ఏ తప్పూ తాకలేదు.

ఇప్పుడు మళ్లీ కంప్యూటర్ పెట్టండి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అదే ప్రశ్న వస్తుంది. జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్ పాత పద్ధతి. అది డిస్క్‌లోని గళ్లను 32 బిట్ల సంఖ్యతో లెక్కపెడుతుంది, అంటే సుమారు 429 కోట్ల గళ్ల దగ్గర దాని లెక్క అయిపోతుంది. ఒక్కో గడి 512 బైట్లు కాబట్టి 2 టీబీ దాటిన చోటు దానికి అందదు. ఎంబీఆర్ నొక్కితే మీరు డబ్బు పెట్టిన డిస్క్‌లో దాదాపు సగం వృథాగా పడి ఉంటుంది. విండోస్ 7 నుంచి అన్నీ జీపీటీ డేటా డిస్క్‌ను చదువుతాయి.

తర్వాత కింది వరుసలో నల్లటి గీతతో ఖాళీ జాగా కనిపిస్తుంది. దాని మీద కుడి క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఎంచుకోండి. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ డిఫాల్ట్. డ్రైవ్ అక్షరంగా D, E లకు బదులు దూరంగా ఉన్న M లాంటిది ఇవ్వండి. రేపు పెన్‌డ్రైవ్ పెట్టినా, పాత డిస్క్ మళ్లీ తగిలించినా దారులు మారిపోకుండా ఉంటాయి. పేరు కూడా తప్పక పెట్టండి. నేను కొన్న నెల, సంవత్సరం, సైజు కలిపి పేరుగా పెడతాను, అదే పేరు కాగితం మీద రాసి డిస్క్‌కు అంటిస్తాను. డైనమిక్ డిస్క్‌గా మార్చమని ఎవరైనా చెబితే వద్దనండి, మీకు దానితో పని లేదు.

అక్కడే క్విక్ ఫార్మాట్ అనే గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. కొత్త డిస్క్‌కు మొదటిసారి ఆ టిక్కు తీసేయమని నా సలహా. క్విక్ ఫార్మాట్ విషయసూచికను మాత్రమే కొత్తగా రాస్తుంది. పూర్తి ఫార్మాట్ డిస్క్ మొదలు నుంచి చివరి దాకా సున్నాలు రాస్తూ, చెడిన చోట్లు ఉంటే గుర్తిస్తుంది. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పట్టవచ్చు. రాత్రి భోజనం అయ్యాక మొదలుపెట్టి, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చి పడుకోండి. మధ్యలో కరెంటు పోతే మామూలుగా డిస్క్ చెడిపోదు, మళ్లీ మొదటి నుంచి చేయాలి, అంతే. ఉదయం క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయాయని డిస్క్ పక్కన పెట్టిన గళ్లు), పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేక అనుమానంలో ఉంచిన గళ్లు) ఎన్నో చూడండి. రెండూ సున్నా ఉండాలి. కొత్త డిస్క్‌లో ఒక్కటి కనిపించినా బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లండి. మార్చి ఇచ్చే గడువు లోపల తెలిసిన లోపమే లోపం, తర్వాత తెలిస్తే నష్టం మనదే. నిరుడు నేను తెచ్చిన ఒక డిస్క్‌లో ఇలాగే బయటపడితే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.

పూర్తి ఫార్మాట్ చేసిన డిస్క్ నుంచి ఏదీ తిరిగి రాదు. నేను ఆనాడు చేసింది క్విక్ ఫార్మాట్ కాబట్టే కొంతైనా దొరికింది. అందుకే వైరు గురించి అంత చెప్పాను.

అన్నీ అయ్యాక 4 టీబీ బదులు 3.63 టీబీ అని చూపిస్తుంది. మోసం ఏమీ జరగలేదు. కంపెనీ వెయ్యితో గుణించి లెక్క చెబుతుంది, విండోస్ 1,024తో గుణిస్తుంది. మ్యాక్‌కు కూడా తగిలించి రాయాలనుకుంటేనే ఎన్‌టీఎఫ్‌ఎస్ బదులు, రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ గురించి ఆలోచించండి, లోపలే ఉండే డిస్క్‌కు అక్కర్లేదు.

మన ఎండల గురించి ఒక మాట. ఈ డిస్కులు మామూలుగా 60 డిగ్రీల దాకా తట్టుకుంటాయని కంపెనీలు రాస్తాయి. కానీ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గది వేడే 40 దాటితే కేబినెట్ లోపల ఎంత ఉంటుందో ఊహించండి. రెండు డిస్కుల మధ్య ఒక అర ఖాళీ వదలండి, ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి, స్క్రూలు రెండు వైపులా వేయండి.

ఇక ఫోటోలు. పాత డిస్క్ మళ్లీ తగిలించి కొత్తదానిలోకి కాపీ చేయండి, కట్ చేయవద్దు. ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య రెండు చోట్లా సమానంగా ఉందో చూసి, అక్కడక్కడ కొన్ని తెరిచి చూడండి.

రెండు డిస్కుల్లో ఉన్నాయి కదా అని వాటిని ఒకే కేబినెట్‌లో ఉంచవద్దు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మేము పిల్లలను, కాగితాలను మేడ మీదికి చేర్చేసరికి బల్ల కింద ఉన్న కంప్యూటర్ మునిగిపోయింది. రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇలాంటి డిస్క్‌కు గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి బురద నీళ్లు లోపలికి పోయాయి. అసలూ కాపీ రెండూ ఒకేసారి పోయాయి. తెనాలి పెళ్లి తర్వాత నుంచి నెలకోసారి మూడో డిస్క్‌లో అన్నీ ఎక్కించి, బస్సులో గుంటూరు తీసుకెళ్లి, బ్రాడీపేటలో మా అక్క బీరువాలో పెట్టి వచ్చేవాణ్ణి. ఆగస్టు వరకు చేసిన ప్రతి పెళ్లీ ఆ బీరువాలో భద్రంగా ఉంది.

మీ అమ్మగారు పొన్నూరులో ఉంటారని రాశారు. ఫోటోలు కొత్తదానిలోకి వచ్చాయని నిర్ధారించుకున్నాక ఆ 1 టీబీ డిస్క్‌ను అమ్మవద్దు, ఫార్మాట్ చేయవద్దు. మెత్తని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఆవిడ బీరువా పై అరలో ఉంచి రండి. ఏడాదికి రెండుసార్లు తెచ్చి తగిలించి, కొత్త ఫోటోలు చేర్చి, మళ్లీ అక్కడే పెట్టండి.