పానిక్ అటాక్ వచ్చినప్పుడు శ్వాస సాధన పనిచేయకపోతే మానేయాలా?

పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం పదేపదే ముంచుకొచ్చే జబ్బు) ఉందని డాక్టరుగారు చెప్పారనీ, సైకాలజిస్టు నేర్పిన శ్వాస సాధన ఇంట్లో చక్కగా కుదురుతున్నా బయట ఆందోళన ముంచుకొచ్చినప్పుడు అక్కరకు రావడం లేదనీ, ఇక దాన్ని మానేయవచ్చా అనీ మీరు అడిగారు. మానవద్దనే నేను చెబుతాను. అయితే దాన్ని ఏ ఉద్దేశంతో చేస్తున్నారో ఒకసారి చూసుకోండి. నేను ఏడాదికి పైగా పొరబడింది అక్కడే.

నాకు ఇది 2018 మే నెలలో మొదలైంది. అప్పట్లో విశాఖపట్నంలో కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు రోజూ సిటీ బస్సులో ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఒకనాడు ఎన్‌ఏడీ కూడలికి కాస్త ఇవతల బస్సు ఆగిపోయింది. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ప్రాణం పోతోందనే అనుకున్నాను. దిగి చూసుకుంటే పిడికిలిలో టికెట్టు చెమటకు తడిసి ముద్దయి ఉంది. ఆ తరువాత రెండు నెలల్లో మూడుసార్లు ఈసీజీ తీయించుకుంటే మూడూ మామూలుగానే వచ్చాయి. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరును ఎగతాళికి వాడే అలవాటు మన ఊళ్ళో ఎంతమందిని వైద్యానికి దూరం చేసిందో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఈ జబ్బు పనిచేసే తీరును 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త వివరించారు. శరీరంలో కలిగే మామూలు మార్పును, అంటే కాస్త దడను, చెమటను, తల తేలినట్టు ఉండడాన్ని, మనసు పెద్ద ప్రమాదంగా అర్థం చేసుకుంటుంది. ఆ భయానికి అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై దడ ఇంకా పెరుగుతుంది. పెరిగిన దడను చూసి భయం రెట్టింపవుతుంది. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళకు తిమ్మిరి, తలకు తిరుగుడు వస్తాయి. విశాఖ ఉక్కపోతలో మే నెలంతా ఒళ్ళు తడిసే ఉంటుంది కనుక, ఆ చెమటనే రాబోయే అటాక్‌కు గుర్తుగా నేను భావించేదాన్ని. నిజానికి అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి, ఆపైన తనంతట తానే దిగుతుంది. అది దిగేదాకా ఆ చోటనే ఉండగలిగితేనే, ప్రమాదం లేదన్న సంగతి మనసుకు అనుభవంలోకి వస్తుంది.

నేను అలా ఉండేదాన్ని కాదు. ధైర్యం కోసం నీళ్ళ సీసా, గ్లూకోజ్ ప్యాకెట్టు, తలుపు పక్క సీటు, అమ్మకు ఫోను, వీటికి తోడు శ్వాస సాధన. కాస్త దడ అనిపించగానే నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదులుతూ, ‘తగ్గిందా, ఇంకా తగ్గలేదా’ అని క్షణక్షణం పరీక్షించుకునేదాన్ని. ఆ పరీక్షే భయాన్ని పెంచేది. ఒకవేళ తగ్గినా, ‘ఈ శ్వాస వల్లే బతికాను’ అనుకునేదాన్ని తప్ప అసలు ప్రమాదమే లేదని నేర్చుకోలేదు.

రెండో ఏడాది కలిసిన సైకాలజిస్టు ఈ సంగతి పట్టుకున్నారు. ఆవిడ తన గదిలో నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం గిరగిరా తిప్పారు. ఇంకోసారి సన్నని స్ట్రాతో ఊపిరి తీయించారు. మరోసారి మూడంతస్తుల మెట్లు వేగంగా ఎక్కించారు. నేను భయపడే లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి, ఏమీ చేయకుండానే పోయాయి. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారూ గర్భిణులూ డాక్టరును అడగకుండా ఇలాంటివి చేయకూడదు. ఎవరైనా సరే, మొదటిసారి ఒంటరిగా చేయకపోవడమే మంచిది.

ఆపైన బస్సు. మొదట గాజువాక దాకా చెల్లెలితో, తరువాత ఒక్కదాన్నే, ఆ తరువాత నీళ్ళ సీసా లేకుండా. అప్పటి నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నూటికి ఎంత భయమో రాసుకున్న ఒక పేజీలో ‘షీలానగర్ 85, ఎయిర్‌పోర్టు 85, ఎన్‌ఏడీ 60, కంచరపాలెం 25’ అని వంకర అక్షరాలతో ఉంటుంది. దిగిపోకుండా కంచరపాలెం చూసిన మొదటి రోజు అది.

శ్వాస సాధన ఇప్పుడూ చేస్తాను, కానీ ఉదయం మేడ మీద, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు, పది నిమిషాలు. బస్సులో దడ వస్తే ‘ఇది అడ్రినలిన్, ఉండనీ’ అనుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.

మందుల గురించి ఒక్క మాట. నాకు రాసిన మందు గుణం చూపడానికి కొన్ని వారాలు పట్టింది. బాగుందనుకుని నా అంతట నేనే ఒకసారి ఆపేసి, తలతిరుగుడుతో వారం రోజులు మంచం పట్టాను. తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగానే తగ్గించాలి. ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మీరు బయటికి వెళ్ళేటప్పుడు ధైర్యం కోసం వెంట ఉంచుకునేవన్నీ, శ్వాస సాధనతో సహా, ఒక కాగితం మీద రాసి ఈసారి మీ సైకాలజిస్టుకు చూపించండి. వాటిలో ముందు దేన్ని వదలాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.