తోబుట్టువు పక్కన బక్కచిక్కిన కూన

ప్రశ్న: నమస్కారం. తల్లి లేని రెండు పిల్లికూనలను మేము పెంచుతున్నాము. రెండూ ఒకే ఈతలో పుట్టినవి. పళ్లను చూసి వాటి వయసు ఆరు వారాలు ఉంటుందని పశువైద్యుడు చెప్పారు. ఒకటి 650 గ్రాముల బరువుంది, రెండవది 420 గ్రాములే ఉంది. పెద్దది తన గిన్నె ఖాళీ చేసి చిన్నదాని గిన్నెలో తల దూరుస్తుంది. చిన్నది ఎదురు తిరగకుండా పక్కకు జరిగి కూర్చుంటుంది. ఆటలోనూ పెద్దదానిదే పైచేయి. వీటిని వేరువేరు గదుల్లో ఉంచాలా? చిన్నదానికి ఆవుపాలు ఎక్కువగా పడితే పుంజుకుంటుందా? పెద్దదానికి తిండి తగ్గించడం మంచిదా? — ఒక పాఠకురాలు

జవాబు: కూనలను వేరు చేయవలసింది తిండి దగ్గర మాత్రమే, మిగిలిన సమయమంతా అవి కలిసే ఉండాలి. బరువు తక్కువగా ఉన్న కూన ఒంటి వేడిని నిలుపుకోలేదు కనుక, పెద్దదాని పక్కన ముడుచుకుని పడుకోవడం వల్ల దానికి కలిగే మేలు మనం ఏర్పాటు చేసే ఏ పరుపూ ఇవ్వలేదు. అంతేకాక, ఎంత గట్టిగా కొరికితే అవతలివారికి నొప్పి కలుగుతుందో, ఎప్పుడు వదిలిపెట్టాలో కూనలు ఈ వయసులో తోబుట్టువులతో ఆడుతూనే నేర్చుకుంటాయి. ఆటలో చిన్నది కిందపడినా, లేచి మళ్లీ తానే పెద్దదాని మీదికి వెళుతున్నంతవరకు మీరు కల్పించుకోనక్కరలేదు. అది దాక్కుంటున్నా, పెద్దది దగ్గరికి రాగానే అరుస్తున్నా, ఆట కాసేపు ఆపించి దానికి విశ్రాంతి ఇవ్వండి.

తిండి విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఒకే గదిలో రెండు గిన్నెలు దూరదూరంగా పెట్టినంత మాత్రాన సరిపోదు; పెద్దది గబగబా మింగి ఈవలికి వచ్చేస్తుంది, అది వస్తుందన్న బెదురుతోనే చిన్నది నాలుగు ముద్దలు తిని తప్పుకుంటుంది. కనుక తలుపు వేసిన గదిలోనో, గాలి ఆడే పెద్ద పెట్టెలోనో చిన్నదాన్ని ఒంటరిగా ఉంచి, ఇరవై నిమిషాలపాటు దాని ఇష్టానికి తిననివ్వండి. పళ్లెం లోతు తక్కువగా ఉండాలి. తడి ఆహారాన్ని ఒంటి వేడికి సమానంగా గోరువెచ్చగా చేస్తే వాసన బాగా వస్తుంది. పిల్లులకు ఆకలిని లేపేది ముందుగా వాసనే. ముక్కు దిబ్బడ వేసిన కూన తిండి ముందు కూర్చుని కూడా తినకపోవడానికి కారణం ఇదే కాబట్టి, ముక్కు చుట్టూ ఎండిన పొక్కులుంటే గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో మెల్లగా తుడిచి, ఆ తరువాత పళ్లెం పెట్టండి. రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. బక్కగా ఉందన్న జాలితో ఒక్కసారే కడుపు పగిలేలా పెడితే విరేచనాలు పట్టుకుని, ఉన్న బరువు కూడా పోతుంది.

ఆవుపాలు వద్దు. తల్లిపిల్లి పాలతో పోలిస్తే ఆవుపాలలో మాంసకృత్తులూ కొవ్వూ తక్కువ, కూన పేగులు సరిగా అరిగించుకోలేని పాలచక్కెర ఎక్కువ. పిల్లికూనల కోసమే తయారుచేసిన పాలపొడిని డబ్బాపై చెప్పిన కొలతలో కలిపి, కూనల తడి ఆహారంలో పోసి జావలా మెదిపి ఇవ్వండి. సిరంజితో పట్టవలసి వస్తే కూనను వెల్లకిలా పడుకోబెట్టకూడదు. అది తల్లి దగ్గర తాగే భంగిమలోనే, పొట్ట కిందికి ఉండేలా పట్టుకుని, చుక్క చుక్కగా ఇవ్వాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పెద్దదానికి తిండి తగ్గించవలసిన పని లేదు. దాని 650 గ్రాములు ఆ వయసుకు సరైన బరువే. చిన్నదాని 420 గ్రాములు మాత్రం దాదాపు నాలుగు వారాల కూనకు ఉండవలసిన బరువు. అయినా రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చుకుంటూ ఉంటే మీకు దిగులు తప్ప ఏమీ మిగలదు. పోల్చవలసింది చిన్నదాని నేటి బరువును దాని నిన్నటి బరువుతోనే. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద ఒక గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, రోజూ ఒకే వేళకు, తిండికి ముందు కూనను తూచి కాగితం మీద రాసుకోండి. ఆరోగ్యంగా ఎదిగే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు, అంటే వారానికి సుమారు 70 నుంచి 100 గ్రాములు పెరుగుతుంది. ఒక రోజు పెరగకపోతే గమనిస్తూ ఉండండి, రెండవ రోజూ పెరగకపోతే వైద్యుడికి చెప్పండి, తగ్గితే మాత్రం ఆలస్యం చేయకండి.

కడుపు నిండా తింటున్నా ఒళ్లు చేయని కూన విషయంలో లోపం తిండిలో కాక లోపల ఉన్నట్టు. మొదట అనుమానించవలసింది నులిపురుగులను. ఇవి తల్లిపాల ద్వారా కూడా కూనలకు సంక్రమిస్తాయి, ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉబ్బి ఉండటం వాటి గుర్తు. కోక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల పలుచటి విరేచనాలు అవుతాయి. రెండు కూనలకూ ఒకే మలం తొట్టి ఉంటే ఎవరి మలం ఎవరిదో తెలియదు కాబట్టి, ఒక రాత్రి చిన్నదానికి వేరే తొట్టి ఏర్పాటు చేసి, ఆ నమూనాను పరీక్షకు తీసుకువెళ్లడం మంచిది. అంగిలి చీలి ఉండటం, కాలేయానికో గుండెకో పుట్టుకతో వచ్చిన లోపం ఉండటం అరుదైనా, వైద్యుడు చూడవలసిన సంగతులే. నులిపురుగుల మందు రెండింటికీ అవసరం, కాని మోతాదు ఏ కూన బరువును బట్టి ఆ కూనకే. పెద్దదాని మోతాదును చిన్నదానికి పట్టడం ప్రమాదం. ఒంటి మీద రక్తం పీల్చే పురుగులున్నా కూనలు రక్తహీనతతో కుంగిపోతాయి, చిగుళ్లు తెల్లబారుతాయి. ఈ ఒంటి పురుగులకని కుక్కలకు వాడే మందులు పిల్లులకు వేయకండి. వాటిలో తరచుగా ఉండే పెర్మెత్రిన్ పిల్లుల పాలిట విషం. జ్వరమని పారాసిటమాల్ ఇవ్వడమూ అంతే.

చిన్న కూన ఎప్పుడైనా ఒళ్లు చల్లబడి, మెడ వాల్చేసి, లేపినా లేవకుండా ఉంటే వెంటనే నోట్లో పాలు పోయకండి. చల్లబడిన ఒంట్లో పేగులు పనిచేయవు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచి మెల్లగా వెచ్చబరచండి, చిగుళ్లకు చక్కెర పాకం కొద్దిగా రాయండి, ఈ రెండూ చేస్తూనే వైద్యుడి దగ్గరికి బయలుదేరండి. మామూలు రోజుల్లో కూడా ఆ సీసా పడక పెట్టెలో ఒక మూలనే ఉండాలి, వేడెక్కితే కూన పక్కకు జరగడానికి చోటుండాలి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. చిన్నదానికి విరేచనాలో జ్వరమో ఉంటే తగ్గేవరకు ఆగుతారు. బరువు తక్కువన్న కారణం ఒక్కదానితో ఎంతకాలం వాయిదా వేయాలో వైద్యుడే నిర్ణయించాలి.

రెండు వారాలపాటు బరువు ఆగకుండా పెరిగి, పెద్దది దగ్గరగా వచ్చినా చిన్నది పళ్లెం వదలకుండా తింటున్నదని చూసుకున్న తరువాత తలుపు తీసి కలిపి పెట్టవచ్చు; తూకం మాత్రం మరో నెల కొనసాగించండి. ఎదిగాక కూడా అది పెద్దదానికంటే చిన్నగానే ఉండిపోవచ్చు. తిండి తింటూ, ఆడుతూ, తన వరకు బరువు పెరుగుతున్నంత కాలం దాన్ని లోపంగా ఎంచనక్కరలేదు.